తలుపేసి గీసిన నెమలి

పోచంపల్లి చేనేత సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి దగ్గరికి ఒక పెద్ద వయసు నేతగాడు వచ్చి నిలబడ్డాడు.

“చీర మగ్గం దిగేదాంక డిజైన్ పక్కింటోళ్లకు గూడ చూపియ్యం. తలుపేసుకొనే గీస్తం. నువ్వేమో అందరియి ఆన్‌లైన్ల పెట్టిపిచ్చినవ్.”

“అందరం ఒక్కతాన చూసుకుంటే పని జల్ది అయితదని పెట్టిన, పెద్దనాయినా. మన సంఘపోళ్లకే కనవడతది.”

“మరి నా నెమలి డిజైన్ మోత్కూరు బజార్ల అమ్మే ప్రింటు చీరల మీదికి ఎట్ల పోయింది? నా చీర ఇంకా మగ్గం మీదనే ఉన్నది. నువ్వే అమ్ముకున్నవ్.”

“జర ఆగు. ఏ డిజైన్ ఎవరు ఎవరికి పంపిన్రో గీ కంప్యూటర్లనే ఉంటది... నీ ఫోను నుంచే పోయింది.”

“నాకు పంపుడే రాదు!”

“చీరల దుకాణం పెట్టిన మీ అల్లునికి పోయింది. ఆయన వచ్చినప్పుడు ఫోను చేతికిచ్చినవా?”





“గిది బయటపడితే నా బిడ్డ కాపురం ఏమైతది? ఎవ్వరు చూడకముందే నా ఫోను నుంచి పోయినట్టున్నది తీసెయ్, తల్లీ.”

“తీస్తే, నేనే తీసిన్నని అందరికీ కనవడతది. అప్పుడు అమ్ముకున్నవని నువ్వు నన్నన్న మాటే నిజమైతది.”