స్తంభమెక్కినవాడు క్షేమంగా దిగాలని

1991 జూలై 8వ తేదీన మా విద్యుత్ సంస్థలో సబ్ ఇంజనీరుగా అడుగుపెట్టిన మా సహాయక ఇంజనీరు మేడమ్ గారు, సుదీర్ఘమూ నిష్కళంకమూ అయిన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సంతోషమూ బెంగా కలగలిసిన ఈ శుభవేళ వారి గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, ఏళ్ల తరబడి వారి పక్క బల్ల దగ్గర పనిచేసిన నాకు దక్కింది.

తొలినాళ్లలో సబ్‌స్టేషన్ విధుల్లోనూ, అనంతరం లైన్ల నిర్వహణలోనూ రాటుదేలిన వారు, ఇళ్ల మీద సౌర ఫలకాలు కనిపించడం మొదలైన రోజుల్లో, "ఇదేదో కొత్త తలనొప్పి" అని మేమంతా ముఖం చాటేస్తే, ఆ బాధ్యతను కోరి స్వీకరించారు. ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా గడపలోనే "ముందు మెయిన్ ఆపండి" అనడం వల్ల "స్విచ్చాఫ్ మేడమ్" అన్న బిరుదు ఏ సభా లేకుండానే వారిని వరించింది. "మా ఇంట్లో మిక్సీ కూడా ఆవిడ అనుమతి లేనిదే తిరగదండీ" అని వారి శ్రీవారు వాపోతుంటారు.

ఇంట్లోనే కుట్టు మిషన్లు పెట్టి మరో ముగ్గురికి ఉపాధి చూపిన ఒక టైలరమ్మ, డాబా మీద సౌర ఫలకాలు బిగించుకుని, వాటిని మా లైనుకు కలపమని కోరారు. మేడమ్ వెంట నేనూ, మా లైన్‌మనూ వెళ్లాం. బయటి సరఫరా ఆపగానే, ఫలకాల కరెంటును లైనుకు పంపే ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి. ఆగలేదు. లైనుకు వెళ్లే కొసన టెస్టర్ వెలుగుతూనే ఉంది.

"ఇలాగైతే కలపడం కుదరదమ్మా" అన్నారు మేడమ్.

టైలరమ్మ ముఖం వాడిపోయింది. "బిల్లు భారం మోయలేకే కదమ్మా ఇవి పెట్టించుకున్నాను! ఇంకా ఆలస్యమైతే ఒకమ్మాయిని పని మాన్పించాలి. చూసీ చూడనట్టు పోనివ్వండి."

మేడమ్ కోప్పడలేదు. లైన్‌మన్ వైపు చూపించి, "రేపు తీగ తెగితే, లైను ఆపేశామన్న ధైర్యంతో మా తమ్ముడు స్తంభం ఎక్కుతాడు. మీ డాబా మీది కరెంటు వెనక్కి పారితే అతని గతేంటమ్మా?" అన్నారు.



కుదరదని చెప్పి చేతులు దులుపుకోవడం మేడమ్ స్వభావం కాదు. పరికరం అమ్మినవారు "వచ్చే నెల చూద్దాం" అని దాటవేస్తే, వెంటపడి ఆ వారంలోనే ఇన్వర్టర్ మార్పించారు. ఈసారి సరఫరా ఆపగానే అది బుద్ధిగా ఆగిపోయింది. మేము సామాన్లు సర్దుకుంటుంటే టైలరమ్మే అడ్డుపడ్డారు.

"ఇంకోసారి ఆపి చూడండమ్మా. ఎక్కేది ఆ అన్నే కదా!"

మళ్లీ పరీక్షించాకే కలిపాం. ఆ వానాకాలంలో గాలికి ఆ వీధి తీగ తెగింది. వాన వెలిసి ఎండ ఫెళ్లున కాస్తున్న పూట మా లైన్‌మన్ స్తంభమెక్కి, తీగ ముడివేసి, క్షేమంగా దిగి, టైలరమ్మ గడపలో చల్లగా మంచినీళ్లు తాగి వచ్చాడు. లోపల మిషన్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు.

నేడు మా పరిధిలో వందల డాబాల నుంచి లైన్లోకి వెలుగు ప్రవహిస్తోందంటే, ఆ పద్ధతిని మా అందరికీ ఓర్పుతో నేర్పిన గురువు వారే.

విశ్రాంత జీవితంలో మొట్టమొదట ఈత నేర్చుకుంటానని మేడమ్ ప్రకటించారు. నీళ్లంటే భయం తీరి, మోకాళ్లు మాట విని, మనవరాలితో పందెం వేసి గెలిచేటంత ఆరోగ్యంతో, వారు నిండు నూరేళ్లు హాయిగా వర్ధిల్లాలని మా కార్యాలయ కుటుంబమంతా మనసారా కోరుకుంటోంది.