ఇంకెన్నేళ్లు పని చేస్తాడు

(ఆఫీసులో కిటికీ పక్క బల్ల. వైకల్యం వచ్చిన కార్మికులు ఇంకెన్నేళ్లు పని చేయగలరో అంచనా కట్టే చెల్లెలు. ఎదురుగా, రేకుల కార్ఖానాలో సుత్తి పని చేసే అన్న.)

"గొణగకు చిట్టీ, గట్టిగా చెప్పు."

"ఆరేళ్లు అన్నాను."

"ఆరు వేళ్లా? ఎవరికి?"

"వేళ్లు కాదన్నయ్యా, ఏళ్లు. నువ్వింక పని చేయగలిగేది ఆరేళ్లని వస్తోంది."

"నాకు నలభై నాలుగేగా. ఎవరు చెప్పారు?"

"పట్టిక చెప్పింది. నీ ఈడువాడు, చెవులు బాగున్నవాడైతే పద్నాలుగు. వినపడక, చదువు ఏడో తరగతిలోనే ఆగిపోతే ఆరు."

"అదే, పది పాసై ఉంటే?"

"పదకొండు."

"ఇవే చెవులతోనా?"

"ఇవే చెవులతో. చదువుకున్నవాణ్ణి కుర్చీలోకి మారుస్తారు. నిన్నెక్కడికి మారుస్తారు?"

"మూడేళ్లు బడికెళ్తే ఐదేళ్ల పని. బేరం బాగానే ఉందే."

"నవ్వకు. నాకు ఏడుపొస్తోంది. ఆ ఐదేళ్లూ నేనే తినేశాను."

"మొదలెట్టావా."

"ఇద్దర్నీ చదివించలేనని నాన్న అంటే, చెల్లి చదువుకోనీ, నేను మానేస్తానన్నది ఎవరు?"

"పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వడం? కాగితంలో తర్వాతి గడి చూడు."

"వినపడనిది ఎప్పటి నుంచి, అని. కార్ఖానా మోత వల్లే అయితే నిన్ను తీసేయడానికి లేదు, చప్పుడు లేని చోట ఇంకో పని ఇవ్వాలి. కార్ఖానాలో చేరకముందు నుంచే ఉంటే ఇంటికి పంపేస్తారు. నువ్వు చేరాకే వచ్చింది, పదేళ్ల నుంచి అని రాస్తున్నా."

"ఊఁ."

"డాక్టరు మాత్రం, ఎడమ చెవి బాగా పాతది, చిన్నప్పటిదేమో అన్నాడు. కాదుగా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఇటు తిరుగు. నా పెదాలు చూడు. కాదుగా?"

"కింద సంతకం ఎవరిది?"

"నాదే. అయితే?"

"తప్పని తేలితే?"

"నా ఉద్యోగం పోతుంది. తప్పెందుకవుతుంది?"

"ఆ పదేళ్లు కొట్టెయ్యి, చిట్టీ."

"అన్నయ్యా."

"ఏడో తరగతిలో మాస్టారి నోరు ఆడేది, మాట వచ్చేది కాదు. మొద్దని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మొద్దన్నదీ నాకు వినపడలేదు, పక్కవాడు చెప్పాడు."

"మరి నా కోసం మానేశానని..."

"వినపడట్లేదని చెప్పడానికి సిగ్గేసింది. నీ పేరు చెప్పేసరికి నాన్న దగ్గరికి తీసుకున్నాడు. అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. ఇక నోరు పెగల్లేదు."

"ముప్పై ఏళ్లు, అన్నయ్యా. ఒక్క మార్కు తగ్గినా నీ మొహం గుర్తొచ్చి ఏడ్చేదాన్ని."

"తెలుసు. అందుకే చెప్పలేకపోయాను."

"అప్పుడే చెవి చూపించి ఉంటే నువ్వూ చదువుకునేవాడివి."

"ఏమో. చదువుకునేవాణ్ణేమో."

"పదేళ్లనే రాస్తాను. ఎవరు చూడొచ్చారు?"

"వద్దు. చిన్నప్పటి నుంచి అని రాయి. ఈసారి నిజంగానే నీ కోసం మానేస్తాను."