అమ్మ అన్‌ఫిట్ అయింది

ఆగు వదినె, నువ్వు సుత అదే మాటనా? మీ తమ్ముడు అదే అన్నడు, అత్తమ్మ అదే అన్నది. పిల్లలకు చెప్పొద్దు, చెప్పొద్దు! చెప్పకుంటె ఏమైంది? నేను హైదరాబాద్ దవాఖానకు పోయినప్పుడల్లా "అమ్మకు గ్యాసు" అని నువ్వే కద చెప్పింది? చిన్నది మూల మీది దుకాణంల సోడా తెచ్చింది నాకు. గ్యాసుకు మంచిదట!

నవ్వకు. నాకు ఒళ్లు మండుతున్నది.

ఇగ నేనే చెప్త అని మొన్న ఇద్దరిని కూసుండబెట్టిన. క్యాన్సర్ అన్న మాట నోట్లెకెల్లి వస్తె కద! రొమ్ముల గడ్డ అందామంటె, ఖనిల పుట్టిన పిల్లలు, గడ్డ అంటె వాళ్లకు బొగ్గు గడ్డనే. ఆఖరికి మన కాలనీల అందరికి తెలిసిన మాటే దొరికింది. "అమ్మ అన్‌ఫిట్ అయింది బిడ్డా" అన్న.

నా నోట్లె మన్నువడ!

ఎందుకంటవా? పోయిన నెల పక్క క్వార్టరు ఎల్లన్న కాక అన్‌ఫిట్ కాలేదా? బొగ్గు బాయిల పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చిన్రు, ఆయన నౌకరి కొడుకు ఉపేందర్‌కు వచ్చింది. లైనంత మిఠాయి పంచిన్రు. మా హర్షిణి రెండు లడ్డూలు తిన్నది. ఇగ దానికి అన్‌ఫిట్ అంటె ఏం సమజైతది, చెప్పు?

ఏడుస్తదనుకున్న. అది లేచి నిలవడి, "అయితె నీ నౌకరి నాకే కదమ్మా? నేనే కద పెద్దదాన్ని!" అన్నది.

ఎనిమిదేండ్ల పిల్ల వదినె!

తెల్లారి వాళ్ల డాడీ ఫస్టు షిఫ్టుకు పోంగనే లేచింది. వాకిలి ఊడ్సింది. నల్లా కింద బిందె పెట్టింది, లేపరాక గుంజుకుంట తెచ్చింది. చెల్లెకు జడలేసింది, ఒకటి మీదికి, ఒకటి కిందికి. నేను చీపురు పట్టుకుంటె లాక్కున్నది. "అన్‌ఫిట్ అయినోళ్లు డ్యూటీ చెయ్యొద్దు" అట!

కొట్టబుద్ధయింది. నిజంగ చెయ్యి లేసింది. కోపం దాని మీదనా, నా మీదనా, ఆ గడ్డ మీదనా, నాకే తెల్వదు.

ఏందీ? అట్ల కాదని సరిగ్గ చెప్పాల్నా? ఎట్ల చెప్పాలె? ఎల్లన్న కాక అరుగు మీద కూసుండి, బీడి తాగుకుంట, అందర్ని తిట్టుకుంట మంచిగనే ఉన్నడు. అన్‌ఫిట్ అయిన మనిషి ఇంట్లనే ఉంటడని దానికి ధైర్యం. నేనుంటనో లేదో నాకే తెల్వకపాయె!

నువ్వు తిట్టినా సరే, ఇంకోటి చెప్త విను. ఇయ్యాల పొద్దుగాల బియ్యం కడిగి, ఎసరు ఎంత పొయ్యాలె అని అడిగింది. పోయి ఆడుకో పో అనాలె కద? అనలే. దాని చెయ్యి పట్టుకొని గిన్నెల బియ్యం మీద వేలు పెట్టించిన. మనమైతె వేలు మీద మొదటి గీత దాంక పోస్తం. దానిది చిన్న వేలు వదినె, నీళ్లు సాలవు. "నువ్వు రెండో గీత దాంక పొయ్యి బిడ్డా, మరిచిపోకు" అన్న.