దిబ్బల మీద సోలార్

"మా నాయన గుండెల మీద ఇనప గుంజ దిగ్గొట్టినారు గదయ్యా మీరు!"

ఏర్పేడు అవతల, యూనివర్సిటీ సోలార్ ప్లాంటు కంచె ముందర తల్లి శవపెట్టెను అయినవాళ్లతో కలిసి ఆటోలోంచి దించి, కూతురు గేటు పట్టుకుని అరిచింది. లోపలున్న ఇంజనీరు తాళం తీయలేదు.

"అరవొద్దమ్మా. రికార్డులో ఇది బంజరు. సర్వేకి వచ్చినప్పుడు ఒక్క సమాధి కూడా కనపళ్లేదు."

"సిమెంటు సమాధి కట్టే తాహతు మాకు యాడుండాది? మట్టి దిబ్బ, కట్టె శిలువ, అంతే. శిలువను చెదలు తినేస్తాయి. ఈస్టర్ తెల్లారి దిబ్బలకు సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతాం. ఆ పొద్దు వచ్చి సూసింటే మీ కండ్లకూ కనపడేది."

"మంచి పనికేనమ్మా ఇదంతా. బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటు."

"మేం వద్దన్నామా? మీ హాస్టళ్ల మిద్దెలన్నీ ఖాళీగానే ఉండాయే! మా సచ్చినోళ్ల మీదనే దొరికిందా మీకు ఎండ?"

ఆయన తల దించుకున్నాడు. "రేణిగుంటలో శ్మశానం ఉంది. బండి నేనే పంపిస్తా."

"మాయమ్మ ఆయన పక్కనే పండుకోవాలని అడిగి సచ్చిపోయింది. రేణిగుంటలో ఆమెకు ఎవురుండారు?"

"నా మాట వినమ్మా. లోపల గడ్డపార వెయ్యకూడదు. నేల కిందంతా కేబుళ్లే. తగిలితే తవ్వినోడు మాడిపోతాడు."

"అయితే మావోళ్లంతా కరెంటు నడుమ పండుకోనుండారా?"

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"అట్లయితే ఇనుకో. ముందు కరెంటు ఆపు. మా నాయన మీదుండే ప్యానెళ్లు ఇప్పుడే పీకించు. గుంత మేమే తవ్వుకుంటాం. అందాకా మాయమ్మ ఈడ్నించి కదలదు. తియ్యి తాళం!"