దాటరాని చాపలు

పందొమ్మిది వందల తొంభై ఆరు జూన్ పన్నెండవ తేదీన శ్రీమతి షేక్ దిల్షాద్‌బీ గారు ప్రొద్దుటూరులోని మన విద్యాలయ శిశుతరగతిలో ఉపాధ్యాయినిగా అడుగుపెట్టారు. ఆనాడు ఆ గదిలో ఉన్నవి ఇరుకు బల్లలు, ఒక బెత్తం. నెల తిరగకుండానే బల్లలు వరండాకు, బెత్తం పక్కనున్న నా తెలుగు తరగతికి తరలిపోగా, ఆ నేల మీద చిన్న చిన్న చాపలు వెలిశాయి.

మాంటిస్సోరి పద్ధతిని ఆమె వ్రతంగా స్వీకరించారు. జమ్మలమడుగు, పులివెందుల శాఖలలో కొన్నేళ్లు పనిచేసి, "పలక పట్టియ్యకుండా గిన్నెల్లో పప్పులు పోయిస్తాండారేందమ్మా?" అని నిలదీసిన తల్లిదండ్రులను ఓర్పుతో ఒప్పించి, తిరిగి ఈ గదికే వచ్చారు. ప్రతి శిశువూ తన చాప తానే పరచుకొని, తనకు నచ్చిన పని చేసుకొని, ముగిశాక తానే చుట్టి పెట్టాలి. అంతవరకు ఆ చాపను ఎవరూ దాటరాదు. ఇదే ఆమె శాసనం. జపానికి కూర్చున్నవారిని కదల్చరాదని పెద్దలు నాకు నేర్పారు. ఆ మర్యాద నాలుగేళ్ల పసివారికీ చెల్లుతుందని ఆమె గదిలోనే తెలుసుకున్నాను.

గత నెలలో మన కరస్పాండెంటు ఆదినారాయణ గారు వడ్రంగి రామాంజులును వెంటబెట్టుకొని ఆ గదికి వచ్చారు. ఆమె విరమణానంతరం అక్కడ మళ్లీ బల్లలు వేయించాలని వారి సంకల్పం. కొలత టేపుతో రామాంజులు అడుగు ముందుకు వేయబోగా, గిన్నెలో నుండి గిన్నెలోకి కందిపప్పు పోస్తున్న పవన్ తలెత్తాడు.

"ఓ తాతా, తొక్కద్దు! నా చాప."

"రోంత జరుపుకో అబ్బోడా, రెండు నిమిషాల పనే."

"నా పని కాలే. అయినంక నేనే చుట్టుకుంటా. అంతదాకా ఆడనే నిలబడు."

కరస్పాండెంటు గారు నవ్వారు. "ఏంది మిస్, వీడు మనల్నే నిలబెడతాండాడు!"

"నన్నూ నిలబెడతాడు సార్" అన్నారామె, కదలకుండా.

పప్పు ఒలికింది. వాడు గింజ గింజా ఏరుకుంటున్నాడు. రామాంజులు గడప దగ్గర గొంతుకూర్చుని, "మా ఇంట్లో మనవడు అన్నం తినేదానికే ఒక్కచోట నిలవడు సార్, వీడేందప్పా ఇట్లుండాడు!" అన్నాడు. కరస్పాండెంటు గారు గడియారం చూసుకున్నారు, వాడి చేతులు చూశారు. చివరకు "సోమవారం వస్తాంలే" అని వెనుదిరిగారు.

ఆ సోమవారం ఇంకా రాలేదు. వరండాలో చెప్పుల చప్పుడైనప్పుడల్లా పాఠం మధ్యలో ఆగి ఆ గది వైపు చూస్తున్నాను. ఈ వ్యాసమూ ఎన్నోసార్లు లేచి, తిరిగి కూర్చుని రాసినదే. అందుచేత కరస్పాండెంటు గారికి ఈ వీడ్కోలు సంచిక ముఖంగా నా విన్నపం: విరమణ సభలో ఆమెకు శాలువా కప్పకముందే, ఆ గదిలో బల్లలు వేయబోమని ఒక్క మాట చెప్పండి. నాడు గడప దగ్గర ఆగినవారు మీరే గనుక అడుగుతున్నాను.

పెన్నాతీరాన వెలసిన ముక్తి రామలింగేశ్వరుడు దిల్షాద్‌బీ గారికి నిండు ఆరోగ్యాన్ని, నేల మీద కూర్చుని లేచే మోకాళ్ల సత్తువను, మనవళ్ల మనవళ్లను చూసే ఆయుష్షును ప్రసాదించుగాక! అమ్మా, విరమణ ఉత్తర్వు మీ చేతికి వచ్చినా మీ పని ఇంకా కాలేదు. మీ చాప అక్కడే ఉండనివ్వండి. దానిని ఎవరూ దాటకుండా మేము నిలబడి ఉంటాము.