దోనెబండోళ్ళ ఓటు

సుంకమ్మని దోనెబండలో ఒగామె ఉండె. కురుబోళ్ళ ఆడమనిషి. తల్లి పురిట్లోనే పోతే, తమ్ముణ్ణి, అప్పుడే పుట్టిన పసిగుడ్డును, గొర్రెపిల్లలతో పాటు కంబళిలో చుట్టుకోని సాకిందంట ఆయమ్మ. గొర్రెపాలే వానికి తల్లిపాలు అనుకో. పెండ్లీడొచ్చినాంక ఎవురన్నా సంబంధం తెస్తే, నేను పోతే వీణ్ణెవురు చూసుకుంటారని తిప్పి పంపిచ్చేసిందంట. ఆ పిల్లోని పేరు బీరలింగడు. ఊరోళ్ళకు బీరలింగప్ప, తర్వాత తర్వాత బీరలింగప్ప సారు, అక్క నోట్లో మాత్రం ఎప్పుడూ లింగడే. వాడు నాలుగక్షరాలు సదువుకున్న్యాడు. గొర్లకు రోగమొస్తే టౌనుకు పోయి డాక్టర్ని పిల్చకొచ్చేది, తాసిల్దారు కాడ నిలబడి మాట్లాడేది, ఇట్లా పది ఊర్లలో పేరు తెచ్చుకున్న్యాడు. అట్లుండంగా ఓట్లొచ్చినాయి. ఒగ పార్టీలో పెద్దోళ్ళిద్దరు టికెట్టు నాకంటే నాకని కొట్లాడుకుంటాంటే, పైనోళ్ళకు ఇసుగొచ్చి, ఇద్దరికీ వద్దు పో, ఆ కురుబ పిల్లోనికిచ్చేద్దామని ఇచ్చేసినారంట. పిల్లులు రెండూ కొట్లాడితే రొట్టె కోతికి దొరికినట్ల. కోతి అంటినని కోపమొద్దు, మంచి కోతే.

ఆడే ఉండాది తిరకాసు. ఏమైందంటే, లింగనికి టికెట్టు రాకముందే పాత ఎమ్మెల్యే దోనెబండకొచ్చి, బోరు ఏపిచ్చి, మీ ఊరి ఓట్లన్నీ నాకేనని పెద్దోళ్ళ చేత బండారు పట్టిచ్చుకోని పోయినాడు. బండారంటే తెల్సు గదా, మా బీరప్ప గుళ్ళో పసుపు. అది చేత పట్టుకోని ఒగ మాట అన్న్యామంటే ఇంగ తల తెగినా మాట తప్పకూడదు. తప్పితే మందకు మంద పడిపోతాదని మావోళ్ళ నమ్మకం. నవ్వొద్దు పిల్లా, నీ మొగుడు నిన్ను చేసుకునేటప్పుడు పట్టింది గూడా అదే బండారు. సరే, ఊరంతా తల పట్టుకోని కూచున్న్యారు. మన పిల్లోడు నిలబడినాడు, మనం ఏసుకునేదానికి లేదు. పూజారి కెంచప్ప పోయి లింగని చేతులు పట్టుకుంటే, వాడే చెప్పినాడంట, బండారు పట్టినాంక తప్పకూడదు చిన్నాయనా, మీ మాట ప్రకారం మీరు ఏయండి, నేనేమీ అనుకోను అని. ఊరూరంతా కండ్లనీళ్ళు తుడుచుకుంటా పోయి పాత ఎమ్మెల్యేకు గుద్దొచ్చినారు. సుంకమ్మ గూడా. చూస్తే ఏముండాది, లింగడు గెల్చినాడు. వాళ్ళ ఊర్లో తప్ప అన్ని ఊర్లలో గెల్చినాడు.

ఐదేండ్లు ఎట్లా గడ్చినాయో గడ్చినాయి. రెండోసారి ఓట్లకు పాత మాట తీరిపాయె గదా, ఇంగ దోనెబండోళ్ళను పట్టేవోళ్ళు లేరు. డోళ్ళు కొట్టుకుంటా, నడవలేని ముసిలోళ్ళను మంచాల మీద మోసకపోయి మరీ ఏపిచ్చినారు. ఒగ ఓటు గూడా పక్కకు పోలా. చూస్తే ఏముండాది, లింగడు ఓడిపోయినాడు. ఊర్లో ఆ పొద్దు పొయ్యి ఎలిగిచ్చినోళ్ళు లేరు.

ఓడిపోయినోడు యాడికి పోతాడు, ఊరికొచ్చినాడు. పెండ్లాం పిల్లల సదువులని టౌన్లోనే ఉండె, ఈయప్ప మాత్రం అక్క కాడికొచ్చేసినాడు. తెల్లగుడ్డలు మూటగట్టి అటక మీద పారేసి, కంబళి ఏసుకోని అక్కతో కూడా మంద ఎనక పోతాండె. సుంకమ్మకు అవి ఎట్లాంటి ఏండ్లంటే, నేను చెప్పలేను. పొద్దున్నే సంగటి కెలికి తమ్మునికి పెట్టేది, వాడు ఊరిబిండి పచ్చడి ఇంగ రోంత ఎయ్యక్కా అంటే ఏసేది, ఇద్దరూ గుట్ట మీద కూచోని ఊరికే, ఏం మాట్లాడకుండా ఊరికే, గొర్లను చూస్తా ఉండేది. అంతే. దానికి మించి ఆయమ్మ దేవున్ని ఏమీ అడగలా. కానీ తమ్ముడు? వాని మతి ఈడ లేదు. గుట్ట మీద కూచున్న్యా వాని కండ్లు తారురోడ్డు మీదనే. జీపు వస్తే లేచి నిలబడేది, అది వేరే ఊరికి పోతే మల్లా కూచునేది. ఎవురన్నా ఎమ్మెల్యే సారూ అని పాత అలవాటులో పిలిస్తే మొగం ఎలిగేది, వాళ్ళు పోయినాంక ఆరిపోయేది. సాకిన మనిషికి తెలీదా. వీడు నా దగ్గరుండాడు గానీ వీనికి ఈడ ఊపిరాడలేదని ఆయమ్మకు తెలిసిపోయింది.

మూడోసారి ఓట్లొచ్చినాయి. లింగనికే టికెట్టిచ్చినారు. అప్పుడు కెంచప్ప ఊరోళ్ళను గుడి ముందర కూచోబెట్టి ఏమన్న్యాడంటే, మనం ఏయనప్పుడు గెల్చినాడు, ఏసినప్పుడు ఓడిపోయినాడు, మన ఓటు వానికి అచ్చిరాలేదు అన్న్యాడంట. ఒగరిద్దరు ఇదేం మాటలే అన్న్యారు గానీ, కెంచప్ప ఊరుకుంటాడా. గొర్రెపిల్లను ఊరికే ముద్దు చేసి చేతులు పెడతాంటే తల్లి దగ్గరికి రానిస్తాదా, ఇదీ అంతే, మనం చేయి పెట్టకూడదు అన్న్యాడు. ఊరు ఊకొట్టింది. కానీ ఈ మాట లింగనికి తెలిస్తే ఎట్లా, వద్దు నాకే ఏయండి అంటాడు, అందుకని చెప్పకూడదనుకున్న్యారు. అందరూ బండారు పట్టల్ల. వానికి ఏయం, ఏంటికి ఏయలేదో వానికి చెప్పం. ఒగొగరే పోయి పసుపులో చేయి పెట్టి వచ్చినారు. అందరికంటే ఎనక సుంకమ్మ పోయింది. ఆయమ్మ చేయి పెట్టి చానాసేపు తీయలేదంట. ఏమనుకున్నిందో ఎవురికి తెల్సు. నేననుకునేది ఏమంటే, గెలిస్తే తమ్ముడు పోతాడని ఆయమ్మకు తెల్సు, పోతేనే వాడు బతుకుతాడనీ తెల్సు.

గెల్చినాడు. దండి గెలుపు. దోనెబండోళ్ళు డోళ్ళతో ఊరి ముందర నిలబడి చూస్తాండారు. జీపొచ్చింది. లింగప్ప దిగి, డోళ్ళ తట్టు చూడలేదు, కెంచప్ప తట్టు చూడలేదు, మెడలో దండ అట్లే ఉండంగా నేరుగా ఇంటికి పోయి అక్క ముందర నిలబడినాడు. మన ఊరు నాకు ఏయలేదంటక్కా అన్న్యాడు. ఆయమ్మ తల ఎత్తలా. ఓడిపోయేటప్పుడు ఏసినారు, గెలిచేటప్పుడు ఏయలేదు, నేనేం తప్పు చేసినానని అడిగినాడు.  అప్పుడు కింద కూచోని, చిన్నప్పుడు గెడ్డం పట్టుకున్నట్ల అక్క గెడ్డం పట్టుకోని అడిగినాడంట.

"ఊరోళ్ళు పోనీలే. నువ్వు ఏసినావా అక్కా?"

ఒగ్గ మాట. ఊఁ అంటే సరిపోతాది, అబద్ధమైనా సరిపోతాది. కానీ పసుపు పట్టిన చేయి గదా, అబద్ధం రాదు, ఏయలేదంటే ఏంటికంటాడు, అది చెప్పేదానికి లేదు. ఆయమ్మ కండ్లెంబడి నీళ్ళు కారతాండాయి గానీ నోరు పెగల్లేదు. లింగప్ప లేచినాడు. మెడలో దండ తీసి గూట్లో పెట్టి, బువ్వ గూడా తినకుండా జీపెక్కినాడు. అంతే, ఇంగ దోనెబండకు రాలా.

రాలేదంటే పగ పెట్టుకున్న్యాడనుకునేరు, కాదు. ఊరికి రోడ్డు ఏపిచ్చినాడు, నీళ్ళ ట్యాంకు కట్టిచ్చినాడు. ట్యాంకు తెరిచేదానికి వస్తాడని సుంకమ్మ పొద్దున్నే తలకు పోసుకోని ఊరి ముందర నిలబడింటే, ఎవురో ఆఫీసరొచ్చి తెరిచిపాయె. మల్లొగసారి ఓట్లొచ్చె, ఊరు మల్లా బండారు పట్టె, మల్లా గెల్చె, మల్లా రాకపాయె. ఓట్లప్పుడు కట్టిన పటాలుంటాయే, అదే ఫ్లెక్సీ, దాన్నొగటి తెచ్చి గొర్రెపిల్లల దొడ్డికి కప్పుకుందంట సుంకమ్మ. వానొస్తే గొర్రెపిల్లలన్నీ వాని మొగం కింద నిలబడేవి, ఈయమ్మ గూడా వాటితోనే నిలబడేది. చూసి చూసి ఒగనాడు తట్టుకోలేక బస్సెక్కి టౌనుకు పోయింది. ఆడ ఎమ్మెల్యే ఇంటి ముందర జాతర మాదిరి జనం. గేటు కాడ ఒగాయన అడిగినాడంట, ఏం పనిమ్మా, పింఛనా, ఇల్లా, ఆస్పత్రా అని. ఏం పనీ లేదు నాయనా, చూసిపోదామని వచ్చినా అనింది. పనిలేనోళ్ళను పంపిచ్చేదానికి లేదులేమ్మా, పనుంటేనే రావల్ల అన్న్యాడంట. నేను అక్కనని చెప్పొచ్చు గదా అంటారు మీరు. యా మొగం పెట్టుకోని చెప్తాది? బస్సెక్కి వచ్చేసింది.

అట్లా ఏండ్లు పోతా పోతా, మల్లొగసారి ఓట్లొచ్చినాయి. లింగప్పకు తల నెరిసిపోయింది. గుండెకు బాగలేదు, తిరగొద్దని డాక్టర్లు చెప్పినా ఎండలో తిరుగుతాండాడని ఊర్లో అనుకుంటాండారు. కెంచప్పా ముసిలోడైపోయినాడు, అయినా ఆనవాయితీ తప్పకుండా గుడి ముందర పసుపు పళ్ళెం పెట్టిచ్చినాడు. అప్పుడు సుంకమ్మ లేచింది. ఎప్పుడూ నలుగుట్లో నోరెత్తని మనిషి. నేను పట్టను, మీరు గూడా పట్టొద్దండి, పాత ఒట్టు మనలో మనం పట్టిందే గదా, గొర్రెపాలతో కడిగేస్తే తీరిపోతాది, కడిగేసి అందరం లింగనికే ఏద్దాము అనింది. ఊరు గగ్గోలైపాయె. మనం ఏస్తే ఓడిపోతాడు గదమ్మా, నీ తమ్ముడేనా వాడు, ఓడిపోవల్లని కోరుకుంటావా అన్న్యారు. ఒగాయన ఐతే, రెండో ట్యాంకు మంజూరు చేసినాడు, అది కట్టిందాకన్నా ఆగు అన్న్యాడంట. మనిషి బుద్ధి చూడు. సుంకమ్మ అందరి మాటా అయ్యేదాకా ఉండి చెప్పింది.

"గెలిచినోణ్ణి ఇన్నేండ్లూ మీకిచ్చినా. ఓడిపోయినోణ్ణి నాకియ్యండి."

 కెంచప్ప గుళ్ళోకి పోయి చెంబుతో గొర్రెపాలు తెచ్చి, ముందర తన చేతులు కడుక్కున్న్యాడు, తర్వాత ఒగొగరి చేతులూ కడిగినాడు. పసుపు పట్టినప్పుడు అందరికంటే ఎనక పోయిన సుంకమ్మ, కడిగేటప్పుడు ముందర పోయింది. ఊరంతా లింగనికి ఏసొచ్చి, చచ్చిన ఇంట్లో మాదిరి తలుపులేసుకోని కూచున్న్యారు.

ఓట్లు లెక్కపెట్టే చోట ఏమైందంటే, మధ్యాన్నానికే లింగప్ప ఓడిపోయేది తేలిపోయింది. కుర్చీలో కండ్లు మూసుకోని కూచోనుండాడు. పక్కనోళ్ళు ఒగొగరే జారుకుంటాండారు. అప్పుడు దోనెబండ మిషన్ తెరిచినారు. చదివినారు. ఈయప్ప లేచి నిలబడినాడు. మల్లొగసారి చదువు నాయనా అన్న్యాడంట. చదివినారు. ఊర్లో ఉండే ఓట్లన్నీ ఈయప్పవే. ఇంగ ఆడ నిలబడలా. లెక్క తీరేదాకా ఉండల్ల సారూ అంటాంటే, నా లెక్క తీరిపాయలేప్పా అని బయటికొచ్చి బండెక్కినాడు.

బండి ఊర్లోకి వస్తానే, తిట్టేదానికొచ్చినాడని మావోళ్ళు దొరికిన సందులో దూరుకున్న్యారు. కెంచప్ప గుళ్ళోకి పోయి దేవుని ఎనక నిలబడినాడు. లింగప్పేమో ఒగొగ గడప కాడా ఆగి దండం పెట్టుకుంటా పోతాండాడు. ఓడిపోయినోడు నగుతా దండం పెడతాంటే ఎవురికీ ఏం తోచలేదు. ఇంటికి పోయినాడు. సుంకమ్మ అప్పటికే సంగటి కెలికి పెట్టుకోని కూచోనుండాది, వస్తాడని తెల్సు గదా. అక్కా, మన ఊరు నాకు ఏసిందక్కా, నేను ఓడిపోయింది గూడా నాకు బాధ లేదక్కా అన్న్యాడు. సంగటి తింటా తింటా మల్లా అడిగినాడు, ఇన్నేండ్లూ ఏయనోళ్ళు ఇప్పుడేంటికి ఏసినారక్కా అని. పాలతో చేయి కడిగిన మనిషి గదా, చెప్పొచ్చు. నువ్వు ఓడిపోవల్లని ఏసినాము నాయనా అనింది. లింగప్ప చేయి ఆగిపోయింది. మరి ముందర ఏయంది? నువ్వు గెలవల్లని ఏయలేదు లింగా అనింది. మొత్తం చెప్పింది, బండారు మొదులుకోని గేటు కాడి మనిషి దాకా.

సంగటి చల్లగైపోయింది. లింగప్ప అక్క మొగం చూసి అన్న్యాడంట.

"ఒగ మాట చెప్పింటే, నేను ఎప్పుడో ఓడిపోయింటి గదక్కా."

ఇద్దరూ ఏడ్చినారు. నేను చెప్పేటప్పుడు ఏడవగూడదనుకుంటా, ఈ మాట కాడికొస్తే నాకూ ఆగదు. ఆ ఏడూ, పై ఏడూ ఇద్దరూ మంద ఎనక పోయినారు. నడవలేరు ఇద్దరూ, గొర్లే వీళ్ళ కోసం నిలబడేవంట. అంతే దొరికింది వాళ్ళకు. ఆ పైన సుంకమ్మ పాయె. మల్లా ఓట్లకు పార్టీవోళ్ళు టికెట్టు తీసుకోని వస్తే, ఈయప్ప గుట్ట దిగి గూడా రాలేదు. వేరే ఎవురో నిలబడి దోనెబండకు ఓట్లడిగేదానికొస్తే, కెంచప్ప అడిగినాడంట, నీ మీద మాకు పేమ ఉండల్లనా, లేకుంటే నువ్వు గెలవల్లనా, రెంటిలో ఏదో ఒగటి చెప్పుకో అని. ఆయప్పకు ఏమర్థమౌతాది, దండం పెట్టి పోయినాడు. ఇంగ మీరేమో మా దోనెబండోళ్ళు ఎర్రోళ్ళు అంటారు. అనుకోండి. ఓటేసినా ఏయకపోయినా అది తప్పు కాదు. పోయి పోయి దేవునికి చెప్పుకున్న్యారు, ఆయన ఎట్లాగూ వినేవోడే, మనిషికి మాత్రం చెప్పలా. అదీ వాళ్ళు చేసిన తప్పు.