చెప్పుల సంచిలో ఫోన్

శుక్రవారం ఉతకడానికని కూతురు యేసల్ బడి నుంచి తెచ్చిన, క్లాసులో తొడుక్కునే చెప్పుల సంచిని నీళ్ల తొట్టిలో వేయబోతుంటే, లోపల ఏదో గుర్రుమని అదిరింది. బయటపడ్డ కొత్త సెల్‌ఫోన్‌ను ఆమె తెచ్చి, భర్త తింటున్న రామ్యెన్ నూడుల్స్ గిన్నె పక్కన ఠపీమని పెట్టింది.

“యేసల్ నాన్నా, ఇదెవరు కొన్నారు?”

“నాకేం తెలుసు?”

“క్లాసు చెప్పులు శుక్రవారం ఉతుకుతారని తెలియని మనిషి ఈ బుసాన్‌లో నువ్వొక్కడివే. ఒక్కసారైనా ఉతికితేగా!”

అతని చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

“మిడిల్ స్కూల్ దాకా దానికి ఫోన్ వద్దనుకున్నాం,” అందామె. “ అప్పుడు మా నాన్న కొనిస్తానన్నాడు.”

“అన్నాడు. తన డెబ్బయ్యో పుట్టినరోజు విందులో మైకు పట్టుకుని మరీ అన్నాడు. ‘అల్లుడి జీతానికి ఫోన్ ఎక్కడొస్తుంది, నేనే కొంటా’ అని. మీవాళ్లందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు.”

“అందుకని తొమ్మిదేళ్ల పిల్ల వారం రోజులు నాతో అబద్ధమాడాలా? ఫోన్ కావాలని అదే ఏడ్చిందని చెప్పు, నిన్ను వదిలేస్తాను.”

అతను గిన్నె పక్కకు జరిపాడు.

“అది అడగలేదు. అమ్మ తిడుతుంది, వద్దంది కూడా. బలవంతంగా సంచిలో పెట్టింది నేను. అబద్ధం నేర్పింది నేను. మీ నాన్న ఫోన్ పట్టుకుని వచ్చిన రోజున, ‘మా నాన్న ఎప్పుడో కొన్నాడు తాతయ్యా’ అని అది అందరి ముందూ అనాలి. ఆ ఒక్క మాట కోసమే కొన్నాను.”